నాలుగు గాయాల కత్తి

"నా చేతి సరుకు తెచ్చి నాకే అంటగడతారా? అవతలికి తీసుకుపొండి!" అని ఇల్దెఫోన్సో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చావుబతుకుల మధ్య ఉన్న మనిషికి అంత గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూతురు కసిల్దాకి అంతుబట్టలేదు. పొద్దున రెండు చెంచాల కోడిరసం మింగడానికే ఆపసోపాలు పడ్డవాడు, కోపం వచ్చేసరికి ఇల్లంతా వినపడేలా అరుస్తున్నాడు. మంచం పక్కన సతుర్నీనో నల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని, రెండు చేతులతో కత్తిని పిడి పైకి, మొన కిందికి పట్టుకుని, సంఘం పెద్ద ఎలా నిలబడాలో అలాగే నిలబడ్డాడు. జూన్ ఎండ కిటికీ చెక్కల సందుల్లోంచి పొడుస్తోంది. చెమట అతని చెవుల వెనకనుంచి కాలర్‌లోకి కారిపోతోంది. ఇన్నేళ్ళలో ఎందరి మంచాల పక్కన నిలబడ్డాడో గానీ, వద్దు పొమ్మన్నవాణ్ణి చూడ్డం అతనికి ఇదే మొదలు.

"ఒరే ఇల్దెఫోన్సో, కత్తిని ముద్దుపెట్టుకోరా. ఎంతసేపు పని? ఆ పిల్ల కాస్త నడుం వాలుస్తుంది, నేనూ కోటు విప్పుకుంటాను."

"నీ కోటు కోసం నేను చావాలా?"

"చావమన్నానా? ముద్దుపెట్టుకోమన్నాను."

"రెండూ ఒకటే కదరా!" అన్నాడు ఇల్దెఫోన్సో. దగ్గు తెర వచ్చింది. కసిల్దా పరుగున వచ్చి భుజాలు ఎత్తి పట్టుకుని, మూతి తుడిచి, మళ్ళీ దిండుకి ఆనించింది. ఊపిరి కుదుటపడ్డాక అతను నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. "అసలుది తెండి. గాజుపెట్టెలో ఉన్నది. అది తెస్తే పెట్టుకుంటా. లేదంటే ఇలాగే పోతా."

సతుర్నీనో కసిల్దా వంక చూశాడు. కసిల్దా నేల వంక చూసింది. ఈస్టర్ దాటినప్పటినుంచీ ఆమెకి కంటినిండా నిద్ర లేదు. పగలు కింద కత్తుల కార్ఖానాలో పని, రాత్రి పైన తండ్రి దగ్గు. ఇప్పుడు దీనికి తోడు ఈ గొంతెమ్మ కోరికొకటి. ఏడవాలనిపించింది గానీ దానికి కూడా ఓపిక చాలలేదు.

ఆ పేటలో మంచి మరణం సంఘం ఐదువందల ఏళ్ళ నాటిది. ఒక యోధుడు జీవితమంతా యుద్ధాలు చేసి, చేసి, విసిగి ఇంటికొచ్చి, చావు దగ్గరపడ్డాక తన కత్తిని తలకిందులు చేయించి పట్టుకున్నాడట. మొన నేలకి తిప్పితే అది సిలువ. అడ్డుపట్టె సిలువ చేతులు. పిడి చివరి గుండ్రటి బిళ్ళ ప్రభు భోజనపు అప్పం. అలుగుకి ఒక అంచు న్యాయం, రెండో అంచు కరుణ. మధ్య గాడిలో మరియమ్మకి చెప్పే మంగళవచనం. ఎందరి రక్తమో తాగిన ఇనుమునే ముద్దుపెట్టుకుని క్షమించమన్నాడు, కన్నుమూశాడు. అప్పటినుంచీ పేటలో ఎవరికి చివరి ఘడియ వచ్చినా ఆ కత్తి ఇంటికి వస్తుంది. వచ్చిందంటే పని కానిదే తిరిగి వెళ్ళకూడదు. అందుకని సతుర్నీనో ఆ కత్తిని మోసుకుని మెట్లు దిగి, కసిల్దా వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏముందమ్మాయ్ పొయ్యి మీద?"

"శనగలు, బాబాయ్."

"పంది ఎముక వేశావా?"

"వేశాను. వడ్డించుకుని తిను. నేను మ్యూజియం దాకా వెళ్ళొస్తా."

"వాళ్ళు ఇవ్వరే."

"ఇవ్వరని నాకు తెలియదా?" అని కసిల్దా విసురుగా నడుముకి కట్టుకున్న వంటగుడ్డ విప్పి కుర్చీ మీద పడేసింది.

సతుర్నీనో చేతిలో ఉన్నది నకలు. ఆ సంగతి పేటలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ముప్ఫై ఏళ్ళ కిందట అసలు కత్తి తుప్పు తినేస్తోందని మ్యూజియం వాళ్ళు పట్టుకుపోయి గాజుపెట్టెలో పెట్టేశారు. సంఘం వాళ్ళు గోల చేస్తే నకలు చేయించుకోమన్నారు. తొలేదో ఊళ్ళో కత్తులు చేసేవాళ్ళకి కొదవ లేదు గానీ, ఆ పని ఇల్దెఫోన్సోకే అప్పగించారు. అతను చేతులకి బట్ట తొడుగులు వేసుకుని, పక్కన కాపలావాడు నిలబడి ఉండగా, అసలుదాన్ని అంగుళం అంగుళం కొలిచాడు. గాడిలో అరిగిపోయిన అక్షరాన్ని అరిగిపోయినట్టే చెక్కాడు. అడ్డుపట్టె ఒక పక్కకి రవ్వంత వంగి ఉంటే ఆ వంపు కూడా దింపాడు.

ఒక్కచోట మాత్రం వాళ్ళు దింపనివ్వలేదు. నకలులో ఒక తేడా ఉండితీరాలని షరతు, రేపెవడూ దాన్ని అసలుదని అమ్ముకోకుండా. బిళ్ళ మీద ప్రభువు ఐదు గాయాలు ఉంటాయి. రెండు చేతులవి, రెండు కాళ్ళవి చుట్టూ, డొక్కలో బల్లెం దిగినది నడిమధ్య. సంతకాలు పెట్టించిన మ్యూజియం గుమాస్తా కలం మూతతో ఆ మధ్యది చూపించి, "ఇది వదిలెయ్యండి, చూడగానే తెలుస్తుంది," అన్నాడట. ఇల్దెఫోన్సో వదిలేశాడు. నాలుగు గుంటలు చెక్కి ఎర్రటి గాజురంగు పోసి, మధ్యలో నున్నగా ఉంచేశాడు. నకలు తీసేవాడు ఒకచోట తప్పు పెట్టితీరాలన్నది తన వృత్తి నీతి అని శిష్యులకి చెప్పుకునేవాడు గానీ, ఆ తప్పు ఇక్కడ పెట్టించినందుకు గుమాస్తాని ఇవాళ్టిదాకా తిడుతూనే ఉన్నాడు.

పేట ఊరుకుంటుందా? మొదట్లో, మన దేవుడికి నాలుగేనా, ఐదోది మ్యూజియం వాళ్ళు మింగేశారా అని ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు. తర్వాత ఏ నోట మొదలైందో గానీ, ఆ ఖాళీ పోయేవాళ్ళది అన్నారు. ప్రభువు తన నాలుగూ తను ఉంచుకుని ఐదోదానికి చోటు మనకి వదిలాడనీ, ఎవరి గాయం వాళ్ళు అక్కడ పెట్టి వెళ్ళాలనీ అన్నారు. మెల్లగా అదే ఆచారమైపోయింది. ముద్దుపెట్టుకునేవాళ్ళు ఆ నున్నటి చోట బొటనవేలు ఆనిస్తారు. ఫాదర్లు ఔననలేదు, కాదనలేదు. ఇల్దెఫోన్సో ఒక్కడే సారాకొట్లో బల్లగుద్ది, "దేవుడు వదల్లేదురా, గుమాస్తా వదిలాడు!" అని అరిచేవాడు. ఎవడూ చెవిన పెట్టేవాడు కాదు. "నువ్వు చేసేవాడివి, నీకేం తెలుసు," అనేవాళ్ళు.

కసిల్దా మ్యూజియం గట్టు ఎక్కేసరికి కాళ్ళు పీక్కుపోయాయి. ప్రభు భోజనపు అప్పాన్ని వీధుల్లో తిప్పే కోర్పుస్ ఊరేగింపు దగ్గరపడింది. వీధుల మీద అడ్డంగా గుడ్డ పందిళ్ళు కట్టేశారు. ఒక లారీలోంచి వాము ఆకు వాసన వేసే అడవి మొక్కల మోపులు దింపుతున్నారు, పండగనాడు దారి పొడుగునా పరచడానికి. మామూలుగా ఆ వాసనకి ఆమె ప్రాణం లేచొచ్చేది. ఇవాళ ముక్కు మూసుకుని దాటిపోయింది.

మ్యూజియం చూసుకునే ఫాదర్ ఎవుతీమియో మంచివాడు, దానికి తోడు ఆయనకీ ఒంట్లో బాగాలేదు. పండగ పనితో సగం అయిపోయి ఉన్నాడు. కసిల్దాని కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఆమె చెప్పిందంతా విన్నాడు.

"అమ్మా, ఆ పెట్టె నేను తియ్యలేను. ఒక తాళం నా దగ్గర, ఇంకోటి మాద్రీద్‌లో. వాళ్ళకి అర్జీ పెట్టాలి, మనిషిని పంపాలి, పండగ వెళ్ళాలి..."

"మా నాన్న పండగదాకా ఉండడు ఫాదర్ గారూ."

"తెలుసమ్మా." ఆయన కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుపుకున్నాడు. "మా అమ్మ కూడా మీ నాన్న చేసినదాన్నే ముద్దుపెట్టుకుని పోయింది. నాకేమీ లోటనిపించలేదు. ఆ మాట ఆయనకి చెప్పు."

"చెబితే మిమ్మల్నీ తిడతాడు."

"తిట్టనీ పాపం."

బయటికొస్తూ కసిల్దా గాజుపెట్టె దగ్గర ఆగింది. చిన్నప్పుడు చూసింది, మళ్ళీ ఇప్పుడే. నల్లగా, తుప్పు పొక్కులతో, తను అనుకున్నదానికంటే చిన్నగా ఉంది. మధ్య గాయంలో ఎర్రరంగు పెచ్చు ఒకటి మిగిలింది. మనసు కదులుతుందేమో, ఒక్క ప్రార్థనైనా నోటికొస్తుందేమోనని చూసింది. ఏమీ రాలేదు. గాజులో తన మొహం కనిపించింది, కళ్ళ కింద నల్లటి చారలతో. ఇంతోటిదానికా ఈ గోలంతా అనుకుంది. వెంటనే తప్పు తప్పు అని లెంపలేసుకుంది.

ఇంటికొచ్చేసరికి తండ్రి మేలుకునే ఉన్నాడు.

"తెచ్చావా?"

"కళ్ళు కనిపించడం లేదా? చేతులూపుకుంటూ వచ్చాను."

"ఇవ్వరని నాకు ముందే తెలుసు."

కసిల్దాకి ఒళ్ళు మండిపోయింది. "తెలిస్తే ఆ ఎండలో నన్నెందుకు తగలేశావు నాన్నా? మోకాళ్ళు పట్టేసి చస్తున్నా!"

"అక్కడ కాదనిపించుకుని వస్తే, ఇక్కడ నేను అడిగేది కాదనవని." అతను చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ వేళ్ళు పుల్లల్లా అయిపోయాయి గానీ పట్టు మాత్రం వదల్లేదు. "ఐదోది చెక్కు."

"ఏమిటీ?"

"నా సన్న ఉలి తీసుకో. మధ్యలో చెక్కు. కోలగా, కాస్త ఏటవాలుగా. బల్లెం కిందినుంచి వచ్చింది, గుర్తుపెట్టుకో. రంగు లేకపోయినా ఫర్వాలేదు. అప్పుడు పెట్టుకుంటా ముద్దు."

"మతుండే మాట్లాడుతున్నావా? అది సంఘానిది. పేటంతా ఆ ఖాళీలో వేలు పెట్టి పోతున్నారు. ఇప్పుడు అక్కడ గుంట చెక్కితే వాళ్ళేమనుకుంటారు?"

"వాళ్ళేమనుకుంటే నాకెందుకే? నేను పోతున్నా!" మళ్ళీ దగ్గు వచ్చింది. అది తగ్గాక గొంతులో కోపం మిగల్లేదు. "కసిల్దా, నేను చేసిన పని ఏదీ సగంలో వదల్లేదు. ఇదొక్కటే. అదీ దేవుడి పని. పైకెళ్ళాక నా ముందు ఆయన డొక్క చూపిస్తే ఏం చెప్పను? చేతకాక కాదయ్యా, గుమాస్తా వద్దన్నాడు, అని చెప్పనా? ముప్ఫై ఏళ్ళుగా అందరికీ ముక్క తక్కువ దేవుణ్ణిచ్చి సాగనంపాను. మీ అమ్మక్కూడా. భయమేస్తోందే."

తండ్రి నోట భయం అన్న మాట కసిల్దా పుట్టాక వినలేదు. కొలిమి నిప్పు మీదపడి చెయ్యి కాలినప్పుడు కూడా బూతులు తిట్టాడు తప్ప భయమనలేదు. చెక్కేస్తే పోలా? చిన్న గుంట. పావుగంట పని. ఆయన ముద్దుపెట్టుకుంటాడు, ఆ భయం పోతుంది, తను కాసేపు కళ్ళు మూసుకుంటుంది. ఆ ఆలోచన రాగానే, ఎక్కడైనా సరే, ఆ మెట్ల మీదే అయినా సరే, ఒరిగిపోవాలన్నంత నిద్ర ముంచుకొచ్చింది.

కింద కార్ఖానాలోకి వెళ్ళి ఉలి, చిన్న సుత్తి తీసుకుంది. బల్ల నిండా సగం చేసిన సినిమా కత్తులే, టూరిస్టుల కోసం. పిడికి డ్రాగన్ తలలు, రెక్కలు, రాళ్ళు. తండ్రి వాటిని చూసినప్పుడల్లా ఉమ్మేసేవాడు. కడుపు నింపుతున్నది అవే అని ఆమె ఏనాడూ ఎదురుచెప్పలేదు.

వంటింట్లో సతుర్నీనో శనగలు తిని, గిన్నె రొట్టెముక్కతో తుడిచి, కుర్చీలో కునుకుతున్నాడు. కోటు మాత్రం విప్పలేదు. కత్తి బల్లమీద ఊదారంగు గుడ్డలో ఉంది. ఆమె చేతిలో ఉలి చూసి గభాల్న లేచాడు.

"ఏమిటే అది?"

కసిల్దా దాచలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. అరుస్తాడనుకుంది. అతను అరవలేదు. మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

"మా ఆవిడ, మీ విసి పిన్ని, పోయేటప్పుడు నువ్వు లేవు కదూ?"

"లేను, మాద్రీద్‌లో ఉన్నా. అప్పటికింకా మొగుడితోనే ఉన్నా."

"ఆవిడకి కడుపులో కాన్సరు. ఆఖర్న ప్రార్థన కూడా వద్దంది. దేవుడంటే కోపం. మాకు పుట్టి పోయిన పిల్లాడున్నాడు కదా, వాడి సంగతి ఎప్పుడూ నోరెత్తి అనలేదు మహాతల్లి. నేనే కత్తి పట్టుకుని నిలబడ్డా. ఈ కోటే. ముద్దుపెట్టుకోదనుకున్నా. చాలాసేపు చూసింది. తర్వాత బొటనవేలు తెచ్చి ఆ మధ్యలో పెట్టి, 'ఇది నాది,' అంది. ఆయనవి ఆయనకున్నాయి, ఇది నాది, అంది. అప్పుడు పెట్టుకుంది ముద్దు." సతుర్నీనో జేబురుమాలు తీసి మొహం మొత్తం తుడుచుకున్నాడు. "నాకు తెలుసే అది గుమాస్తా పెట్టిన షరతని. నేనూ సంతకం పెట్టినవాణ్ణే. కానీ నువ్వక్కడ గుంట చెక్కేస్తే, నా విసి వేలు ఎక్కడ పెట్టినట్టు?"

కసిల్దా బల్లమీది ఊదారంగు గుడ్డ వంక చూసింది.

"నేను అడ్డుపడను. మీ నాన్న నా స్నేహితుడు, నీ చేతికి పని వచ్చు. కానీ నేను చూడలేను తల్లీ," అని అతను పెరటి వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

ఆమె గుడ్డ విప్పింది. కత్తిని బల్లమీద తిప్పి, బిళ్ళ కింద తోలుముక్క పెట్టి, ఉలి మొన మధ్యలో ఆనించింది. అలవాటు కొద్దీ ముందు వేలితో తడిమి చూసింది. బిళ్ళంతా బంగారు పూత ఉంది, ఆ ఒక్కచోట లేదు. బొటనవేలి వెడల్పున పూత లేచిపోయి కంచు బయటపడింది. చెమటలకి నల్లబడి, మళ్ళీ వేళ్ళకి రుద్దుకుని మెరిసి ఉంది. ఆ మెరుపు పాలిష్‌తో వచ్చేది కాదు. ఇన్నేళ్ళుగా పోయినవాళ్ళ చేతులన్నీ కలిసి దించిన మెరుగు అది. సుత్తి ఎత్తింది. దించలేకపోయింది. మళ్ళీ ఎత్తింది. చివరికి సుత్తి పక్కన పెట్టేసి, తల బల్లకి ఆనించుకుని, "నా వల్ల కాదు, నా వల్ల కాదు," అని గొణుక్కుంది. పైనుంచి తండ్రి దగ్గు వినిపిస్తూనే ఉంది.

చెక్కకపోతే ఆయన భయంతో పోతాడు. చెక్కితే వీళ్ళందరికీ ఆ చోటు పోతుంది. ఆమెకి మూడో దారి ఒక్కటే తోచింది. కత్తి గుడ్డలో చుట్టి చేత్తో పట్టుకుని మెట్లెక్కింది.

"చెక్కావా?" అన్నాడు ఇల్దెఫోన్సో, తల ఎత్తే శక్తి లేక కళ్ళు మాత్రం తిప్పి.

"లేదు. ముందు నీకో మాట చెప్పాలి. అమ్మ పోయినప్పుడు నువ్వు గదిలో లేవు."

అతను కళ్ళు గోడవైపు తిప్పుకున్నాడు.

"నేనున్నా. అమ్మకి కత్తి చూపించగానే ముందు ముద్దుపెట్టుకోలేదు. చాలాసేపు చూసింది. తర్వాత కుడి బొటనవేలు తెచ్చి ఆ మధ్యలో పెట్టింది. పెట్టి నవ్వింది నాన్నా. 'ఇది నాది,' అంది. 'ఇల్దెఫోన్సో నా కోసం వదిలిపెట్టాడు,' అంది." చెబుతూ చెబుతూ తన గొంతు తనకే నిజంలా వినిపించింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. "ఇప్పుడు దాన్ని నన్ను చెక్కెయ్యమంటావా?"

ఇల్దెఫోన్సో కప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. ఊపిరి గురగురమంటోంది.

"కుడి చెయ్యా?" అన్నాడు.

"ఊఁ."

"మీ అమ్మకి కుడిపక్క పడిపోయి అప్పటికి నాలుగు నెలలు. చెంచా కూడా ఎడం చేత్తోనే కదే నువ్వు పట్టించేదానివి."

కసిల్దా మొహం కందగడ్డలా అయిపోయింది. అలసట, సిగ్గు, భయం అన్నీ ఒక్కసారి మీదపడి మంచం అంచున కూలబడింది. ఇప్పుడు తిడతాడు, అనుకుంది. కళ్ళు మూసుకుంది.

తిట్లు రాలేదు. దగ్గులాంటిది వినిపించింది. కళ్ళు తెరిచి చూస్తే తండ్రి నవ్వుతున్నాడు, శబ్దం లేకుండా, రొమ్ము ఎగిరెగిరి పడేలా.

"నకలు బాగా తీశావే," అన్నాడు. "అంతా సరిగ్గా దింపావు. ఒక్కచోట తప్పు పెట్టావు, ఎవడూ అసలుదనుకోకుండా. ఎవరిది అసలు?"

"విసి పిన్నిది. సతుర్నీనో బాబాయ్ చెప్పాడు."

"ఇది నాది అందా ఆవిడ?"

"అందట."

"ఆ నోరు అంత మాట అనే ఉంటుంది. మంచి మనిషి. కూరల్లో ఉప్పే ఎక్కువ." దుప్పటి అంచు వేళ్ళతో నలిపాడు. "మరి మీ అమ్మ?"

ఇక అబద్ధమాడే ఓపిక కసిల్దాకి లేదు. "అమ్మ దాహమంది. కిటికీ వెయ్యమంది, వెలుతురు కళ్ళలో పడుతోందని. నేను వేసి వచ్చా. ముద్దుపెట్టుకుంది. అంతే నాన్నా. ఇంకేమీ అనలేదు."

"నేను పెరట్లో ఉన్నా."

"తెలుసు."

"ఆ ఖాళీ వంక ఆవిడ చూస్తుంటే చూడలేననుకున్నా. పిరికివెధవని. పెరట్లో నిలబడి గుమాస్తాని తిట్టుకుంటున్నా, ఇక్కడ మీ అమ్మ నీళ్ళడుగుతోంది." అతని కళ్ళ చివరల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవాలని చూడలేదు. కసిల్దా తన చేత్తో తుడిచింది. అప్పుడు అతను ఆమె మొహం పట్టి పట్టి చూశాడు, ఈ కొన్ని వారాల్లో మొదటిసారిగా.

"ఏమిటే నీ మొహం అలా పీక్కుపోయింది? పడుకుని ఎన్నాళ్ళయింది నువ్వు?"

"నువ్వు పడుకోనిస్తేగా."

"వెళ్ళి పడుకో. మధ్యాహ్నం అందరూ పడుకునే వేళే కదా."

"మరి ఇది?" అంది కత్తి చూపిస్తూ.

"అది సతుర్నీనోకిచ్చి వాణ్ణి ఇక్కడ కూర్చోబెట్టు. వాడి కోటు కంపు భరిస్తాలే. వెళ్ళు తల్లీ. చెక్కింది చాలు."

"ఏమీ చెక్కలేదు నాన్నా."

"అదే, చాలంటున్నా."

ముద్దుపెట్టుకుంటాడో పెట్టుకోడో అడగాలనుకుంది. అడిగితే మళ్ళీ మొదలుపెడతాడేమోనని భయపడింది. సతుర్నీనోని పిలిచి, కత్తి అతని చేతికిచ్చి, "దగ్గు వస్తే భుజాలు ఎత్తాలి బాబాయ్, ఆయాసం ఎక్కువైతే వెంటనే నన్ను లేపు," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. పక్కగదిలో చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద పడింది. ఒక్క క్షణం తండ్రి ఊపిరి వినాలని ప్రయత్నించింది. వినే లోపలే నిద్ర పట్టేసింది.

ఎంత నిద్ర అది! కల లేదు, కదలిక లేదు. ఎన్నాళ్ళ బాకీనో ఒంట్లోంచి కరిగి పోతున్నట్టు పడుకుంది. మెలకువ వచ్చేసరికి కిటికీ చెక్కల మీద ఎండ ఎర్రబడింది. ఒళ్ళంతా తేలిగ్గా, హాయిగా ఉంది. అమ్మయ్య అనుకుంది. ఆ తర్వాత ఇల్లు నిశ్శబ్దంగా ఉందని తెలిసింది.

సతుర్నీనో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కోటు లేదు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి.

"నువ్వు పడుకోగానే కత్తి ఇమ్మన్నాడు," అన్నాడు, ఆమె అడక్కుండానే. "ముందు నన్ను తిట్టాడు. సంఘంలో ఎవడు తుడుస్తున్నాడురా దీన్ని, గాడిలో మట్టి పేరుకుపోయింది అన్నాడు. కోటు విప్పి చావమన్నాడు. తర్వాత ముద్దుపెట్టుకున్నాడు కసిల్దా. బాగా పెట్టుకున్నాడు."

ఆమె అతన్ని తోసుకుంటూ గదిలోకి వెళ్ళింది. ఇల్దెఫోన్సో వెల్లకిలా ఉన్నాడు. దవడకి గుడ్డ కట్టి ఉంది. కత్తి అతని రొమ్ము మీద, పిడి గడ్డం దగ్గర. రెండు చేతులూ అడ్డుపట్టె మీద ఉన్నాయి.

"ఎందుకు లేపలేదు నన్ను?" అని కసిల్దా కేకపెట్టింది. "లేపమని చెప్పానుగా! ఎన్నిసార్లు చెప్పాను! ఇన్ని రాత్రులు కూర్చున్నదాన్ని, ఆ ఒక్క గంట కూర్చోలేనా?"

"లేపబోయా తల్లీ. ఊపిరి మారగానే లేచా. నా చొక్కా పట్టుకు లాగాడు. వేలు ఆ మధ్యలో పెట్టుకుని ఉన్నాడు, తియ్యలేదు. 'దాన్ని లేపకు, అలిసిపోయింది,' అన్నాడు. నేను వినలేదు, గుమ్మందాకా వచ్చా. మళ్ళీ పిలిచాడు. 'లేపావంటే చంపుతా, పడుకోనీ,' అన్నాడు. ఇంకేమీ అనలేదు."

కసిల్దా మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. అంత గాఢంగా, అంత సుఖంగా పట్టిన ఆ నిద్ర గుర్తొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది. తండ్రి చెయ్యి తీసి తన బుగ్గకి ఆనించుకుంది. అది చల్లబడిపోయింది.

"లేపాల్సింది నాన్నా," అంది. "లేపాల్సింది."